ట్రావెల్ ట్రైలర్‌కు కొత్త బ్యాటరీ: కొనే ముందు ఏం కొలవాలి, ఏది ఎంచుకోవాలి

ట్రావెల్ ట్రైలర్ అంటే కారు వెనక తగిలించి లాగే చక్రాల ఇల్లు. అందులో లైట్లు మసకబారగానే బ్యాటరీ పోయిందని తేల్చేసి, అదే సైజుది ఇంకొకటి తెచ్చి బిగించేవాళ్లే ఎక్కువ. చాలా ట్రైలర్లలో ఆ కొత్తది కూడా రెండేళ్లు తిరక్కుండానే మూలన పడుతుంది. కారణం, పాతదాన్ని చంపింది వయసు కాదు. ట్రైలర్‌లో ఉన్న ఛార్జరు సరిగా నింపకపోవడమో, వాడకుండా నిలిపిన నెలల్లో అది పూర్తిగా దిగిపోవడమో అయి ఉంటుంది. ఆ కారణం దొరక్కుండా ఎంత ఖరీదైన బ్యాటరీ కొన్నా ఫలితం మారదు. అందుకే షాపుకు వెళ్లేముందు ఒక మల్టీమీటర్ పట్టుకుని ట్రైలర్ దగ్గర ఒక పూట గడపాలి.

పాత బ్యాటరీ నిజంగా పోయిందా?

బ్యాటరీని పూర్తిగా ఛార్జ్ చేసి, నెగటివ్ వైరు విప్పి, రాత్రంతా వదిలేయండి. ఛార్జర్ తీసిన వెంటనే కొలిస్తే పైపై వోల్టేజే కనిపిస్తుంది, దాన్ని నమ్మకూడదు. పొద్దున మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 నుంచి 12.7 వోల్టుల దగ్గర ఉంటే ఛార్జ్ నిలుస్తోందన్నమాట. 12.4 కంటే తక్కువ ఉంటే అనుమానించాలి. 10.5 చుట్టుపక్కల ఆగిందంటే ఆరు సెల్స్‌లో ఒకటి షార్ట్ అయినట్టే, ఇక దాని మీద సమయం వృథా చేయొద్దు.

నీళ్లు పోసే రకమైతే హైడ్రోమీటర్ (లోపలి యాసిడ్ సాంద్రత కొలిచే గొట్టం) ఇంకా నిజం చెబుతుంది. నిండుగా ఉన్న సెల్ 1.265 దగ్గర, సగం ఉన్నది 1.190 దగ్గర చూపిస్తుంది. అన్ని సెల్సూ సమానంగా తక్కువ ఉంటే ఛార్జింగ్ చాలలేదని అర్థం, బ్యాటరీకి ఇంకా ఆశ ఉంది. ఒక సెల్‌కీ మరో సెల్‌కీ 0.050 మించి తేడా ఉంటే ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే.

వోల్టేజ్ బాగున్నంత మాత్రాన కెపాసిటీ ఉన్నట్టు కాదు. నిండా ఛార్జ్ అయిన 100 ఆంపియర్-అవర్ల (ఇకపై ఏహెచ్) బ్యాటరీకి 5 ఆంపియర్ల లోడ్ పెట్టండి. కొన్ని లైట్లు, ఒక ఫ్యాన్ వేస్తే అంత వస్తుంది. అది 10 గంటలు నడిచాక, లోడ్ తీసి కాసేపు ఆగి చూస్తే 12.2 వోల్టుల దగ్గర ఉండాలి, అంటే సగం మిగిలి ఉండాలి. నాలుగు గంటలకే ఆ స్థాయికి దిగితే అందులో మిగిలిన అసలు కెపాసిటీ 40 ఏహెచ్. మార్చాల్సిందే.

ఇప్పుడు ఛార్జరు సంగతి. ట్రైలర్‌ను బయటి కరెంటుకు కలిపి, కొలత కన్వర్టర్ (బయటి కరెంటును 12 వోల్టులకు మార్చి బ్యాటరీని నింపే ట్రైలర్ ఛార్జరు) దగ్గర కాకుండా బ్యాటరీ టెర్మినల్స్ మీదే తీయండి. బాగా దిగిన బ్యాటరీ మీద ఆధునిక కన్వర్టర్ 14.4 వోల్టుల దాకా ఎక్కించి, తర్వాత 13.6కి, నిండాక 13.2కి దిగాలి. ఎప్పుడు చూసినా 13.6 దగ్గరే ఉంటే అది పాతకాలపు ఒకే దశ కన్వర్టర్. దానితో బ్యాటరీ నిండటానికి రోజులు పడుతుంది. శని, ఆదివారాలు మాత్రమే కరెంటుకు కలిసే ట్రైలర్‌లో అది ఎన్నటికీ నిండదు, ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. 12.6 కంటే తక్కువ కనిపించి ఇంకా దిగుతుంటే అసలు ఛార్జింగే లేదు: ఫ్యూజులు, బ్రేకర్, బ్యాటరీ డిస్‌కనెక్ట్ స్విచ్ ఒక్కొక్కటిగా చూడండి. గంటల తరబడి 14.8 దాటి ఉంటే అది నీళ్లను మరిగించేస్తోంది.

వైరు కూడా దొంగే. 8 చదరపు మి.మీ. రాగి వైరు మీద కన్వర్టర్ నుంచి బ్యాటరీ 5 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. రానుపోను 10 మీటర్లు. 40 ఆంపియర్లు పారితే దారిలోనే 0.8 వోల్టుకు పైగా పోతుంది. కన్వర్టర్ 14.4 ఇస్తున్నాననుకుంటుంది, బ్యాటరీకి అందేది 13.5.

ఇక మూడోది, అన్నీ ఆపేశాక కూడా లాగే కరెంటు. నెగటివ్ వైరుకు, టెర్మినల్‌కు మధ్య ఆమ్మీటర్ పెట్టి చూడండి. మల్టీమీటర్లలో ఈ కొలత సాధారణంగా 10 ఆంపియర్ల వరకే, కాబట్టి ఆ సమయంలో జాక్ (ట్రైలర్ ముందు భాగాన్ని ఎత్తే మోటారు) గానీ ఫర్నేస్ (గ్యాస్ హీటర్) గానీ వేయొద్దు. గ్యాస్ డిటెక్టర్, రేడియో, ఫ్రిజ్ బోర్డు కలిపి 0.3 నుంచి 0.5 ఆంపియర్ల దాకా లాగుతుంటాయి. 0.5 ఆంపియర్ అంటే రోజుకు 12 ఏహెచ్. 80 ఏహెచ్ బ్యాటరీ నాలుగో రోజుకే సగానికి దిగుతుంది, వారానికి ఖాళీ. ఇలా ఖాళీగా నెలలు పడి ఉన్న లెడ్ బ్యాటరీ మళ్లీ కోలుకోదు.

ఎన్ని ఏహెచ్ కావాలి

ప్రతి పరికరం ఎన్ని ఆంపియర్లు లాగుతుందో, రోజుకు ఎన్ని గంటలు నడుస్తుందో గుణించి కూడటమే లెక్క. చలికాలంలో అన్నిటికంటే పెద్ద తిండిపోతు ఫర్నేస్ ఫ్యాన్. గ్యాస్‌తో వేడి చేసినా గాలి తోసేది బ్యాటరీయే. మామూలుగా కనిపించే అంకెలు ఇవి:

ఫర్నేస్ ఫ్యాన్: నడుస్తున్నంతసేపు 7–8 ఆంపియర్లు, పెద్ద మోడళ్లయితే ఇంకా ఎక్కువ.
నీళ్ల పంపు: 5–8 ఆంపియర్లు, కానీ రోజుకు పావుగంట, ఇరవై నిమిషాలు.
ఎల్ఈడీ లైటు: 0.1–0.3 ఆంపియర్. పాత ఫిలమెంట్ బల్బు అయితే దాదాపు 1.5.
పైకప్పు ఫ్యాన్: 2–3 ఆంపియర్లు.
గ్యాస్ మీద నడిచే ఫ్రిజ్: బోర్డు కోసం 0.5–1 ఆంపియర్.
12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్: సైజును, ఎండను బట్టి రోజుకు 40–60 ఏహెచ్, కొన్నిసార్లు అంతకుమించి.

ఒక చలిరాత్రిని లెక్కేద్దాం. ఫర్నేస్ మొత్తం 5 గంటలు నడిస్తే 40, లైట్లు 4, పంపు 2, ఫోన్లు, లాప్‌టాప్ 10, ఆగకుండా లాగే చిల్లర 12. మొత్తం 68 ఏహెచ్. రెండు రాత్రులు ఛార్జింగ్ లేకుండా గడపాలంటే 136. లెడ్ బ్యాటరీని సగానికి మించి దించకూడదు కాబట్టి 270 ఏహెచ్ కావాలి. లిథియంలో 80 శాతం నిశ్చింతగా వాడుకోవచ్చు, 170 ఏహెచ్ చాలు. ఫిలమెంట్ బల్బులు మిగిలి ఉంటే బ్యాటరీ పెంచేముందు వాటిని మార్చండి. ఇంత చవకగా దొరికే కెపాసిటీ మరొకటి లేదు.

ఇన్వర్టర్ ఉంటే కూడిక సరిపోదు, ఒక్కసారిగా లాగే కరెంటును కూడా చూడాలి. 1000 వాట్ల లోడ్‌కు 12 వోల్టుల వైపు నుంచి దాదాపు 95–100 ఆంపియర్లు పోతాయి. 1000 వాట్లని రాసి ఉన్న మైక్రోవేవ్ అసలు తీసుకునేది 1500 దాకా ఉంటుంది, అంటే 140 ఆంపియర్ల పైమాటే. ఒక్క లెడ్ బ్యాటరీ మీద దీన్ని వేస్తే ఛార్జ్ ఉండగానే వోల్టేజ్ కుంగి ఇన్వర్టర్ అలారం కొడుతుంది.

లేబుల్ మీద ఏం చదవాలి

మొదట చూడాల్సింది కోల్డ్ క్రాంకింగ్ ఆంపియర్ల అంకె ఉందా లేదా అన్నది. అది ఇంజిన్ స్టార్ట్ చేసే బ్యాటరీల కొలమానం. దాన్నే పెద్ద అక్షరాలతో వేసి, ఏహెచ్ ఎక్కడా వేయకపోతే, పైన ‘మెరైన్’ అని రాసి ఉన్నా అది రెండు పనులకూ మధ్యస్థంగా చేసిన బ్యాటరీ. పలుచటి ప్లేట్లు ఎక్కువగా ఉంటే ఒక్కసారిగా కరెంటు ఇస్తుంది. మందపాటి ప్లేట్లుంటే పదేపదే సగానికి దిగి మళ్లీ నిండగలదు. ట్రైలర్‌కు కావాల్సింది రెండోదే, నిజమైన డీప్ సైకిల్.

ఏహెచ్ అంకె 20 గంటల రేటుకు చెప్పినదై ఉండాలి. 100 ఏహెచ్ అంటే 5 ఆంపియర్ల చొప్పున 20 గంటలు. అదే లెడ్ బ్యాటరీ నుంచి 25 ఆంపియర్లు లాగితే మొత్తం చేతికొచ్చేది బాగా తగ్గుతుంది. కొన్నిటి మీద 100 గంటల రేటు వేసి అంకెను పెద్దగా చూపిస్తారు. దాన్నీ 20 గంటల అంకెనూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. రిజర్వ్ కెపాసిటీ మాత్రమే ఉంటే, అది 25 ఆంపియర్ల లోడ్ మీద 10.5 వోల్టులకు దిగేదాకా పట్టే నిమిషాలు. 180 నిమిషాలంటే ఆ లోడ్ దగ్గర 75 ఏహెచ్.

సైజుల్లో గ్రూప్ 24 సుమారు 70–85 ఏహెచ్, గ్రూప్ 27 సుమారు 85–105, గ్రూప్ 31 సుమారు 95–125. వెడల్పు మూడిటికీ దాదాపు 173 మి.మీ., పెరిగేది పొడవే: 260, 306, 330. అందుకే గ్రూప్ 24 పెట్టెలో 27 పట్టదు, పెట్టె కూడా మార్చాలి. గోల్ఫ్ కార్ట్‌లలో వాడే 6 వోల్టుల జీసీ2 పొడవు 24 అంతే, కానీ ఎత్తు 270 మి.మీ. దాకా ఉంటుంది. మూత పడుతుందో లేదో టెర్మినల్స్‌తో కలిపి కొలవండి.

తయారీ తేదీ తప్పనిసరిగా చూడండి. చాలా బ్రాండ్లు ఒక అక్షరం, ఒక అంకె కొడతాయి. ఏ అంటే జనవరి, బి అంటే ఫిబ్రవరి, అంకె సంవత్సరం చివరిది. నీళ్ల రకం షెల్ఫ్ మీద కూర్చుని ఆరు నెలలు దాటి, మధ్యలో ఛార్జ్ కాకపోయి ఉంటే వదిలేయండి. మీటర్ పెట్టి చూసినప్పుడు 12.4 కంటే తక్కువ ఉంటే, ఎంత కొత్తదన్నా వద్దు.

ఏ రకం ఎవరికి

ప్రతిసారీ కరెంటు కనెక్షన్ ఉన్న చోటే దిగేవాళ్లకు లిథియం దండగ. బ్యాటరీ పని దారిలో బ్రేకులకూ, జాక్‌కూ, కరెంటు పోయిన గంటకూ మాత్రమే. ఒక గ్రూప్ 24 లేదా 27 డీప్ సైకిల్, నీళ్లు పోసేది, చాలు.

అప్పుడప్పుడు రెండు రాత్రులు కరెంటు లేని చోట ఉండేవాళ్లకు, నీళ్లు చూసుకునే ఓపిక ఉంటే, రెండు జీసీ2లను సిరీస్‌లో కలపడం ఇప్పటికీ మంచి బేరం. ఒక్కోటి 6 వోల్టులు, 210–230 ఏహెచ్. సిరీస్‌లో వోల్టులు కూడతాయి, ఏహెచ్ కూడదు, కాబట్టి 12 వోల్టుల మీద అదే 210–230. మందపాటి ప్లేట్ల వల్ల సగం దాకా దించినా, మంచి తయారీవి వెయ్యి సైకిళ్ల (ఒకసారి దిగి మళ్లీ నిండితే ఒక సైకిల్) దగ్గరకు వెళ్తాయి. లోపమల్లా బరువే: ఒక్కోటి 28–30 కిలోలు.

ఏజీఎం అంటే యాసిడ్‌ను గాజు పీచులో ఇంకించి మూసేసిన లెడ్ బ్యాటరీ. అందులో నీళ్ల బెడద లేదు, కంపనం తట్టుకుంటుంది, మామూలు ఛార్జింగ్‌లో గ్యాస్ దాదాపు బయటికి రాదు, ఊరికే ఉన్నప్పుడు తక్కువ దిగుతుంది. కానీ 14.4–14.6 దాకా ఛార్జ్ కాకపోతే తొందరగా చచ్చిపోతుంది. అతిగా ఛార్జ్ అయితే పోయిన నీటిని తిరిగి పోయలేం. సున్నా డిగ్రీలకు దిగువన కూడా ఛార్జ్ చేయాల్సిన చోట, బ్యాటరీని లోపలే పెట్టాల్సిన చోట తప్ప, ఈ రోజుల్లో ఏజీఎం కొనడానికి పెద్ద కారణం కనిపించదు. జెల్ రకం ఇంకా సున్నితం, 14.1 వోల్టులు దాటితే పాడవుతుంది. ట్రైలర్ కన్వర్టర్‌కు అది సరిపడదు.

సోలార్ మీదో జనరేటర్ మీదో తరచూ బతికేవాళ్లకు లిథియం ఐరన్ ఫాస్ఫేట్. సైకిళ్ల సంఖ్య వేలల్లో ఉంటుందన్నది అందరూ చెప్పేదే. కానీ రోజువారీ తేడా తెలిసేది ఛార్జింగ్‌లో. లెడ్ బ్యాటరీ 80 శాతం దాటాక కరెంటు తీసుకోవడం తగ్గించేస్తుంది. చివరి 20 శాతానికి మూడు నాలుగు గంటలు పడుతుంది, అంతసేపూ జనరేటర్ ఉత్తినే తిరుగుతుంది. లిథియం దాదాపు చివరిదాకా ఒకే వేగంతో తీసుకుంటుంది. సగంలో ఆగిపోయినా దానికి నష్టం లేదు. మబ్బు పట్టి సోలార్ సగమే నింపిన రోజు లెడ్‌కు నష్టం, దీనికి కాదు. 100 ఏహెచ్ బరువు 11–13 కిలోలు.

లిథియంకు మారితే ఇంకేం మార్చాలి

‘తీసి పెట్టేస్తే చాలు’ అన్న మాట సగమే నిజం. లిథియంకు 14.2–14.6 వోల్టులు కావాలి. 13.6 దగ్గర ఆగే పాత కన్వర్టర్ దాన్ని పాడుచేయదు, కానీ నత్తనడకన నింపుతుంది. లిథియం సెట్టింగ్ ఉన్న కన్వర్టర్ వేసుకోవడం మేలు. లెడ్ కోసం సల్ఫేట్ వదిలించే ఈక్వలైజ్ మోడ్ ఉంటే తప్పక ఆపేయాలి. అందులో వోల్టేజ్ 15.5 దాటుతుంది, బీఎంఎస్ (బ్యాటరీ లోపలి రక్షణ సర్క్యూట్) కట్ చేసేస్తుంది. సోలార్ కంట్రోలర్ సెట్టింగ్ మార్చడం కూడా మర్చిపోకూడదు.

బీఎంఎస్ గరిష్ఠ కరెంటును తప్పక చూడండి. 100 ఏహెచ్ బ్యాటరీల్లో ఎక్కువవాటికి అది 100 ఆంపియర్లే. పైన చెప్పిన మైక్రోవేవ్‌కు ఒక్కటి చాలదు, రెండు పారలల్‌లో కావాలి. రెండోది, చలికి ఛార్జింగ్ ఆపే ఏర్పాటు ఉందా. సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేస్తే సెల్స్ లోపల లోహ లిథియం పేరుకుని కెపాసిటీ శాశ్వతంగా పోతుంది. చవక బ్యాటరీల్లో కొన్నిటికి ఈ రక్షణ ఉండదు. హీటర్ ఉన్న మోడల్ తీసుకోండి, లేదా బ్యాటరీని ట్రైలర్ లోపలికి మార్చండి.

ఛార్జ్ ఎంతుందో వోల్టేజ్‌ను బట్టి చెప్పలేం. లిథియం చాలామేర 13.2 చుట్టూనే ఉండి, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. గోడ మీది నాలుగు లైట్ల మీటర్ ఎప్పుడూ నిండుగానే చూపిస్తుంది. వెళ్లిన కరెంటును, వచ్చిన కరెంటును లెక్కపెట్టే షంట్ మీటర్ పెట్టుకోండి.

లాగే వాహనం నుంచి ఏడు పిన్నుల ప్లగ్ ద్వారా వచ్చే ఛార్జింగ్ ఎలాగూ అంతంతమాత్రం, పలుచటి వైరు వల్ల 5–15 ఆంపియర్లు మించడం అరుదు. దారిలోనే లిథియం బాగా నిండాలంటే డీసీ-డీసీ ఛార్జర్ (వాహనం నుంచి వచ్చే కరెంటును హద్దులో ఉంచి, సరైన వోల్టేజ్‌తో ఇచ్చేది), దానికి విడిగా మందపాటి వైరు, రెండు చివరలా ఫ్యూజు కావాలి. డీసీ-డీసీ లేకుండా మందపాటి వైరు మాత్రమే వేస్తే లిథియం ఆల్టర్నేటర్‌ను (వాహనం ఇంజిన్‌తో తిరిగి కరెంటు తయారుచేసేది) ఊపిరాడనివ్వదు, అది వేడెక్కి పాడవ్వొచ్చు.

బరువు, గాలి, బ్రేకులు

ముందు ఫ్రేమ్ మీది బ్యాటరీ బరువు దాదాపుగా హిచ్ (ట్రైలర్‌ను వాహనానికి కలిపే కొక్కెం) మీదే పడుతుంది. అక్కడ పడే బరువు ట్రైలర్ మొత్తం బరువులో 10–15 శాతం ఉండాలి. రెండు జీసీ2లు తీసి 12 కిలోల లిథియం పెడితే ముందు 45 కిలోలు తగ్గుతాయి. ఇప్పటికే 10 శాతం అంచున ఉన్న ట్రైలర్ అప్పుడు వేగంలో ఊగుతుంది. సామాన్లు కొంచెం ముందుకు సర్ది మళ్లీ తూచండి.

నీళ్ల రకం ఛార్జ్ అవుతుంటే హైడ్రోజన్ వదులుతుంది. గాలిలో 4 శాతం చేరితే అంటుకుంటుంది. కాబట్టి అది బయట, గాలి ఆడే పెట్టెలోనే ఉండాలి. మంచం కింద గానీ, స్పార్క్ వచ్చే ఇన్వర్టర్ పక్కన గానీ పెట్టొద్దు.

బ్యాటరీ లేకుండా ట్రైలర్‌ను లాగకూడదు. హిచ్ తెగినప్పుడు బ్రేక్‌అవే స్విచ్ బ్రేకులు పట్టించేది ఈ బ్యాటరీతోనే. చక్రానికి సుమారు 3 ఆంపియర్లు, నాలుగు చక్రాలకు 12. ఆ స్విచ్ వైరు డిస్‌కనెక్ట్ స్విచ్‌కు ముందే, నేరుగా బ్యాటరీకి కలిసి ఉండాలి. కొత్త లిథియంతో ఇక్కడొక చిక్కు: బ్యాటరీ దిగిపోయి బీఎంఎస్ కట్ చేస్తే బ్రేక్‌అవేకు సున్నా వోల్టులే అందుతాయి. బయల్దేరే ముందు ఛార్జ్ చూసుకోవడం అలవాటు చేసుకోండి.

బిగించడం

ముందుగా వైర్లన్నిటినీ ఫోటో తీయండి. బయటి కరెంటు ప్లగ్ తీయండి, ఇన్వర్టర్ ఆపండి, సోలార్ ఉంటే ప్యానెళ్లను కంట్రోలర్ నుంచి విడదీయండి. ప్యానెళ్లు కలిసి ఉండగా బ్యాటరీ తీస్తే కంట్రోలర్ పాడయ్యే ప్రమాదం ఉంది. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర. ట్రే మీద తెల్లటి పొడి ఉంటే వంటసోడా కలిపిన నీళ్లతో కడగండి. ఆ నీళ్లు సెల్స్‌లో పడకూడదు.

ఎక్కువ మంది పొరబడేది వైరు రంగు దగ్గర. కార్లలో నలుపు నెగటివ్. ఉత్తర అమెరికాలో తయారైన ట్రైలర్లలో చాలావాటికి బ్యాటరీ వైర్లలో నలుపు పాజిటివ్, తెలుపు నెగటివ్. రంగును నమ్మకుండా, ఫ్రేమ్‌కు బోల్ట్ అయిన వైరు ఏదో వెతకండి, నెగటివ్ అదే. తిరగేసి తాకించారంటే ఠప్పున నిప్పురవ్వ వస్తుంది, కన్వర్టర్‌లోని రివర్స్ పొలారిటీ ఫ్యూజులు పోతాయి. ఆ తర్వాత లైట్లన్నీ వెలుగుతాయి, బ్యాటరీ మాత్రం ఛార్జ్ కాదు, కొత్త బ్యాటరీ నాసిరకమని తిట్టుకుంటారు. అలా జరిగితే ముందు ఆ ఫ్యూజులే చూడండి. సాధారణంగా 30 లేదా 40 ఆంపియర్లవి, రెండు పక్కపక్కనే ఉంటాయి.

రెండు 12 వోల్టులవి పారలల్‌లో కలిపితే, పాజిటివ్ ఒక బ్యాటరీ నుంచి, నెగటివ్ రెండోదాని నుంచి తీసుకోండి. రెండూ ఒకదాని నుంచే తీస్తే అదే ఎక్కువ అరిగిపోతుంది. పాతదాని పక్కన కొత్తది, ఏజీఎం పక్కన నీళ్లది, గ్రూప్ 24 పక్కన 27 కలపొద్దు. లిథియంలనైతే ముందు ఒక్కోదాన్ని విడిగా నిండా ఛార్జ్ చేసి అప్పుడు కలపండి.

మెయిన్ ఫ్యూజు బ్యాటరీకి వీలైనంత దగ్గర, 20 సెం.మీ. లోపు ఉండాలి. ఫ్యూజు అంకె వైరు భరించగల కరెంటును దాటకూడదు. లిథియం షార్ట్ అయితే వేల ఆంపియర్లు పారుతాయి, మామూలు ఫ్యూజు కాలినా మధ్యలో ఆర్క్ ఆగకపోవచ్చు. క్లాస్ టి ఫ్యూజు 20,000 ఆంపియర్ల దాకా తెంచగలదు. ఇన్వర్టర్ ఉన్నచోట దీని దగ్గర పొదుపు చేయొద్దు.

అంతా బిగించాక మళ్లీ బయటి కరెంటుకు కలిపి టెర్మినల్స్ మీద వోల్టేజ్ చూడండి, 13.2 పైన ఉండాలి. ఛార్జ్ మొదలయ్యాక పదిహేను నిమిషాలకు ప్రతి బోల్ట్‌నూ చేత్తో తాకండి. ఒకటి మాత్రమే వేడిగా ఉంటే అక్కడ బిగింపు వదులుగా ఉంది. ట్రైలర్ ప్లగ్‌ను వాహనం నుంచి తీసి, బ్రేక్‌అవే పిన్ లాగి బ్రేకులు పట్టాయో లేదో క్షణం చూసి వెంటనే తిరిగి పెట్టేయండి.

నీళ్ల రకానికి మొదటి ఏడాది నెలకోసారి మూతలు తీసి చూడండి, ఎంత తాగుతుందో మీ ట్రైలర్ లెక్క తెలుస్తుంది. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే, అదీ ఛార్జ్ పూర్తయ్యాకే, లోపలి గొట్టం అంచుకు 3–6 మి.మీ. దిగువ దాకా. ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం ఛార్జింగ్‌కు ముందే అవి మునిగేంత పోయండి. నిలిపి ఉంచే నెలల్లో లెడ్‌ను నిండుగా ఛార్జ్ చేసి నెగటివ్ వైరు విప్పేసి, నెలా రెండు నెలలకోసారి మళ్లీ నింపండి. పూర్తిగా దిగినది సున్నాకు కొన్ని డిగ్రీల కిందకే గడ్డకట్టి పగిలిపోతుంది, నిండుగా ఉన్నదానికి ఆ భయం లేదు. లిథియంనైతే సగం ఛార్జ్ దగ్గర విప్పి ఉంచండి. మళ్లీ వాడేముందు బీఎంఎస్ కట్ అయి సున్నా చూపిస్తే, దాన్ని లేపే సెట్టింగ్ ఉన్న ఛార్జర్‌తోనే మొదలుపెట్టాలి. మామూలు ఛార్జర్ అక్కడ బ్యాటరీయే లేదనుకుని పని మొదలుపెట్టదు.